ఎడమ చేతికి కరెంటు

క్లైడ్ హనిగన్ ఎడమ చేతి నరం తెగినప్పుడు అది బల్లి తోకలా రాత్రికి రాత్రే మొలిచిందనీ, తెల్లారేసరికి చిటికెన వేలి కొస దాటి అరగజం బయటికొచ్చిందనీ, పక్క స్టాండులో లెస్టర్ క్విల్టీ ఉన్ని కోస్తున్న గొర్రెను తడిమి చూసి "ఇదేం కోతరా, దీనికంటే చెదపురుగులు నయం" అని తీర్పు కూడా చెప్పిందనీ బూలిగల్ మైదానంలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. తెలియనివాడెవడైనా ఉంటే వాడు ఈ ఊరికి కొత్తవాడో, లెస్టర్‌కి చుట్టమో అయివుంటాడు.

నరం సంగతి తర్వాత. ముందు మనిషి సంగతి. క్లైడ్ మంచివాడేమో అని ఆశపడి చదివేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. అతను మంచివాడు కాడు. పొద్దున లేచి ఎవరికీ నమస్కారం పెట్టి ఎరగడు. పెంపుడు కుక్క సైతం అతని ముందు తోక ఊపాలా వద్దా అని ఒకసారి ఆలోచించుకుని, మానేసేది. కానీ గొర్రెల ఉన్ని కోయడంలో అతని తర్వాతే ఎవరైనా. టార్వాంగ షెడ్డులో ఒకటో స్టాండు, అంటే కోతగాళ్లు నిలబడి కోసే వరసలో మొదటి చోటు, అతనిది. అందరికంటే వేగంగా, శుభ్రంగా కోసేవాడికే ఆ షెడ్డులో ఒకటో స్టాండు ఇస్తారు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు అక్కడ నిలబడ్డవాడు, నెరిసినా కదలలేదు. రెండో స్టాండు లెస్టర్ క్విల్టీది. వాడు అన్నేళ్లూ క్లైడ్ వీపు చూస్తూ గొర్రెలు కోశాడు. ఆ వీపంటే వాడికి ఎంత కసి ఉండేదో వేరే చెప్పనక్కర్లేదు.

కొత్తగా చూసేవాళ్లు ఉన్ని కోసే మిషను పట్టుకున్న కుడి చేతిని చూసి ఆహా అంటారు. కోతగాళ్లు చూసేది ఎడమ చేతిని. మెరీనో గొర్రె ఒళ్లంతా ముడతలు. ఆ ముడతను ఎడమ చేయి ముందుగా పసిగట్టి, సాగదీసి, డప్పు తోలులా బిగించి పట్టుకుంటేనే మిషను జారుతుంది. పట్టు తప్పితే మిషను మొనకున్న దువ్వెన పళ్లు ఉన్నితోపాటు తోలునీ తెస్తాయి. అందుకే క్లైడ్ గొప్పలు పోయేవాడు: "నా కుడి చెయ్యి వట్టి కూలోడు. మేస్త్రి ఎడమ చెయ్యి."

ఆ మేస్త్రి పనే అయిపోయింది.

ఎండాకాలం చివర్లో, టీ విరామం కాగానే, మొదటి గొర్రె మీదే మిషను బిగుసుకుపోయింది. బిగుసుకున్న మిషను చేతిలో నిలవదు. మోటారు తిప్పుతూనే ఉంటుంది కాబట్టి పాములా మెలితిరిగి ఎగురుతుంది. అలా ఎగిరి క్లైడ్ ఎడమ ముంజేతిని లోపలి పక్కన, మోచేతికీ మణికట్టుకూ మధ్య, అడ్డంగా చీల్చేసింది. షెడ్డంతా మిషన్లు ఆపేసింది. నెత్తురు కారుతున్న చేతిని ఇంకో చేత్తో పట్టుకుని క్లైడ్ అన్న మొదటి మాట నొప్పి గురించి కాదు.

"మిషను స్క్రూ అంత బిగుతుగా ఎవడు బిగించాడు? టీ తాగేటప్పుడు నా మిషను ఎవడు ముట్టుకున్నాడు? లెస్టర్, నువ్వేరా!"

"నీ మిషను ముట్టుకుంటే చెయ్యి కడుక్కోవాలి. నాకంత తీరిక లేదు," అన్నాడు లెస్టర్.

ఉన్ని రకాలు వేరుచేసే నోరీన్ బల్ల దగ్గర్నుంచి వచ్చి తువ్వాలుతో కట్టు కడుతూ, "నువ్వే బిగించుకున్నావురా క్లైడ్, నేను చూశాను. నోర్మూసుకుని చెయ్యి పైకెత్తు," అంది. క్లైడ్‌కి ఆ మాట వినపడలేదు. అతనికి పడని మాటలు ఎన్నడూ వినపడవు.

పెద్దూరి ఆసుపత్రిలో నరం కుట్టారు. షెడ్డుకి మనుషుల్ని తెచ్చే కాంట్రాక్టరు బార్ట్ ఫెగన్ ఆసుపత్రికి వచ్చి, మంచం కొసన నిలబడి, టోపీ తియ్యకుండానే చెప్పాడు. "వచ్చే ఏడు పెద్ద కోత దాకా చూస్తాను మేట్. అప్పటికి చెయ్యొస్తే స్టాండు. రాకపోతే నా షెడ్లలో నీకు చోటు లేదు. నీ మీద జాలిపడి గొర్రెల తోళ్లు చింపుకోలేను."

"నీ జాలి ఎవడడిగాడు? నీ గొర్రెలకే పెట్టుకో," అన్నాడు క్లైడ్.

స్టాండు లేని కోతగాడు ఈ మైదానంలో ఎందుకూ కొరగాడు. అతనికి భార్య లేదు, పొలం లేదు, ఇంకో పని రాదు. ఉన్నదల్లా ఆ షెడ్డు నేల మీద ఒక మనిషి నిలబడేంత చోటు. మిగతావాళ్ల సంగతేమో గానీ, ఆ చోటు పోతే తను చచ్చినట్టేనని క్లైడ్‌కి తెలుసు.

కట్టు విప్పాక చూస్తే చిటికెన వేలూ ఉంగరం వేలూ కోడికాలి గోళ్లలా వంకరపోయి ఉన్నాయి. సూది గుచ్చినా తెలియదు. బొటనవేలి పక్క కండ దిగిపోయి గుంట పడింది. క్లైడ్ ఆ చేతిని బల్ల మీద పారేసి, చేతులకు వ్యాయామం చేయించే ఇలోనా మీద విరుచుకుపడ్డాడు.

"కుట్టామన్నారుగా? మరి కరెంటేది?"

ఇలోనా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. నవ్వితే పాపం అనుకునే రకం. "ఏం కరెంటు, మిస్టర్ హనిగన్?"

"కంచె తీగ తెగితే రెండు కొసలూ కలిపి మెలేస్తాం. ఆ క్షణమే కరెంటు పారుద్ది. మీవాళ్లకి మెలెయ్యడం చేతకాలేదని చెప్పు."

"మీ చేతిలో ఉన్నది కంచె తీగ కాదు. ఈ స్టేషన్లలో, ఇంతింత గొర్రెల ఫారాల్లో, సరిహద్దు కంచె దగ్గర గుడిసెలో ఒంటరిగా ఒకడుంటాడు కదా, వాడికి తిండి ఎక్కడి నుంచి వస్తుంది?"

"పెద్దింటి నుంచి. బండి మీద."

"అక్కడే వండుకోడా?"

"అక్కడేముంది, దుమ్ము తప్ప?"

"మీ నరంలో ఒక్కో పోగూ అలాంటిదే. పెద్దిల్లు వెన్నెముక దగ్గర. గుడిసె చిటికెన వేలి కొసన. మధ్యలో ఒకటే పోగు, ఇంత పొడుగున. ఆ పోగు లోపల సన్నటి గొట్టాల్లాంటి పట్టాలుంటాయి. వంటంతా ఇంటి దగ్గరే. సరుకు పట్టాల మీద మోసుకుని పోయే బళ్లు వేరు, పాత సామానూ కబుర్లూ వెనక్కి తెచ్చే బళ్లు వేరు. ఆ పట్టాలు కూడా ఒకసారి వేసి వదిలేసినవి కావు. కొసలు విరుగుతూనే ఉంటాయి, మళ్లీ కడుతూనే ఉంటాయి. పోగు చుట్టూ లోపలి వైపు ఉన్ని బేలుకు వేసిన పట్టీల్లాగా కట్లుంటాయి, మీరు చెయ్యి విసిరినప్పుడల్లా అది పుటుక్కుమనకుండా. మీరు పడుకున్నా ఆ పని ఆగదు."

"దారి తెగితే?"

"మీరే చెప్పండి."

"గుడిసెలోవాడు చస్తాడు."

"చచ్చాడు. గాయానికి కింద ఉన్న పోగంతా ఎప్పుడో ముక్కలై పోయింది. చెత్త ఎత్తేవాళ్లు వచ్చి ఎత్తేశారు కూడా. మిగిలింది పై తొడుగు, ఖాళీ గొట్టం. సర్జన్ కుట్టింది ఆ తొడుగునే, పోగును కాదు. పోగును కుట్టే సూది ఎవరి దగ్గరా లేదు."

క్లైడ్ ఒక బూతు అన్నాడు. ఇలోనా విననట్టు కొనసాగించింది. "ఇప్పుడు దారి తెగిందన్న కబురు పెద్దింటికి చేరింది. ఇల్లు పాత పనులు మానేసి కొత్త పోగు కట్టే పనిలో పడింది. తెగిన కొసన పట్టాలన్నీ చిందరవందర. ముందు అవి సర్దుకోవాలి. తర్వాత ఆ కొసకి ఒక పాదం మొలుస్తుంది. గుడ్డివాడు గోడ తడుముకున్నట్టు ఆ ఖాళీ తొడుగును తడుముకుంటూ వేలి దాకా నడుస్తుంది. రోజుకి ఒక మిల్లీమీటరుకి మించి నడవదు. అది చేరేలోగా చేతి కండలు ఎండిపోకుండా నేను చెప్పిన వ్యాయామం చెయ్యాలి. ఎక్కువ ఆలస్యమైతే నరం వచ్చినా కండ తలుపు తియ్యదు."

"పెద్ద కోతకి వస్తుందా?"

"రావచ్చు."

"రావచ్చంటే?"

"రాకపోనూవచ్చు అని."

ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. గాయం దగ్గర్నుంచి కిందికి వేలితో కొడుతూ పొమ్మని, జివ్వుమన్న చోటికి పోగు కొస వచ్చినట్టనీ. క్లైడ్ దీన్ని విన్నాడు. ఇది అతనికి పడ్డ మాట.

చలికాలం వచ్చేసరికి ఆ జివ్వు మణికట్టు పైకి చేరింది. క్లైడ్ పబ్బులో గ్లాసు పక్కన పెట్టి చేయి కొట్టుకుంటూ, "వచ్చేసింది. లైను కలిసింది," అన్నాడు. అక్కడున్నవాళ్లంతా కంచెలు బాగుచేసి పెరిగినవాళ్లే. లైను కలిసిందంటే కరెంటు వచ్చిందనే వాళ్ల లెక్క. మణికట్టు దాకా వచ్చిన జివ్వు వేలి కొసన ఎందుకుండదు? తీగ ఒకటే కదా? ఇలోనా చెప్పిన పెద్దిల్లూ గుడిసే అప్పటికే క్లైడ్ బుర్రలోంచి ఎగిరిపోయాయి.

లెస్టర్ ఒక్కడే గొర్రెదాటున పోలేదు. పోకపోవడానికి తెలివి కాదు కారణం, పగ.

"నీ వేలు బతికుంటే కంచె పట్టుకో," అన్నాడు. పబ్బు వెనకాల పశువుల దొడ్డికి కరెంటు కంచె ఉంది. "గడ్డిపరకతో తాకి చూడ్డం కాదు. ఆ చచ్చిన వేలితోనే పట్టుకో, చూద్దాం."

అందరూ లేచి వెళ్లారు. క్లైడ్ చొక్కా చేయి మడిచి, వంకర వేలు తీగకి తగిలించాడు. భుజం దాకా ఎగిరిపడ్డాడు. టోపీ ఊడి పేడలో పడింది. జనం ఈలలు వేశారు.

"ఏరా లెస్టర్, చచ్చిన శవం ఎగురుతుందా?" అన్నాడు క్లైడ్, పళ్లు గిట్టకరుచుకుని.

లెస్టర్ పేడలో పడ్డ ఆ టోపీని కాలితో తన్నాడు. తన స్టాండు తన చేత్తోనే తిరిగిచ్చినట్టయింది. అప్పటికి ఒకటో స్టాండులో నిలబడుతున్నది వాడే మరి.

బార్ట్ ఫెగన్ కూడా కంచెలు కట్టినవాడే. నమ్మేశాడు. పక్క స్టేషన్లో చిన్న కోత ఒకటి ఉంటే క్లైడ్‌ని ఒకటో స్టాండులోకి పిలిచాడు, లెస్టర్‌ని రెండోదానికి నెట్టాడు.

పొద్దున గంట కొట్టాక మొదటి గొర్రె బాగానే వచ్చింది. రెండోదీ వచ్చింది. క్లైడ్ ఎప్పుడూ లేనట్టు తల వంచుకుని ఎడమ చేతినే చూస్తూ కోస్తున్నాడు. నోరీన్ అది గమనించింది. చూసి కోసేవాడు వెనకబడతాడని ఆమెకి తెలుసు, కానీ చెప్పలేదు. క్లైడ్‌కి చెప్పడం కంటే రేకుల గోడకి చెప్పడం సుఖం. లెస్టర్ ముందుకి పోతున్న కొద్దీ క్లైడ్‌కి ఒళ్లు మండింది. చూపు పక్క స్టాండు మీదికి పోయింది. అంతే, పొట్ట ఉన్ని మీద ఎర్రటి చార.

"తారు!" అని అరిచాడు క్లైడ్.

గొర్రె తెగితే కోతగాడు అలాగే అరవాలి. ఇప్పుడు పూసేది తారు కాదు, మందే. కేక మాత్రం తాతల నాటిది. నోరీన్ మందు డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చి గొర్రెను అటూ ఇటూ తిప్పింది. పొట్ట చూసింది, పొదుగు చూసింది, తొడ సందుల్లో చూసింది. ఎక్కడా గీత లేదు. నెత్తురు మాత్రం ధారగా కారుతోంది, ఆమె చేతుల మీద, ఉన్ని మీద, నేల మీద.

"ఎక్కడరా తెగింది? గొర్రె నిక్షేపంలా ఉంది!"

"సరిగ్గా చూడు! ఆ నెత్తురు ఆకాశం నుంచి పడిందా?"

లెస్టర్ తన మిషను ఆపి, తీరిగ్గా వంగి చూసి, షెడ్డంతా వినపడేలా అన్నాడు. "నోరీన్, గొర్రెను వదిలెయ్. మందు ఆ పొట్టేలుకి పుయ్యి."

చిటికెన వేలి పక్క కండ చెక్కుకుపోయి వేలాడుతోంది. క్లైడ్ దాన్ని చూశాడు. ఎవరిదో వేలును చూసినట్టు చూశాడు. నొప్పి లేదు. అతనికి భయమేసింది ఆ నొప్పి లేకపోవడానికే. షెడ్డు విరగబడి నవ్వుతుంటే గొర్రె కాళ్లు విదిలించుకుని, సగం చొక్కా విప్పిన తాగుబోతులా, ఉన్ని ఈడ్చుకుంటూ బయటికి పరిగెత్తింది.

"ఉన్నంతా నెత్తురు చేశావు," అంది నోరీన్. "పొయ్యిలో పెట్టడానికి కూడా పనికిరాదు, నీలాగే."

బార్ట్ వచ్చి మోటారు తాడు లాగేశాడు. "దిగు." ఆ ఒక్క మాటే.

తర్వాత ఇలోనా వేలికి కట్టు వేస్తూ కంచె కథంతా విని, నవ్వకుండా అడిగింది. "షాకు ఎక్కడ తెలిసింది?"

"చేతికి."

"చేతిలో ఎక్కడ?"

క్లైడ్ ఆలోచించాడు. "మోచెయ్యి... భుజం."

"కరెంటు తడి ఉన్నచోటల్లా పారుతుంది. మీ మోచేతికి ప్రాణం ఉంది, అది ఎగిరింది. వేలికి ఏమీ తెలియలేదు. ఇంతమంది మగాళ్లు కలిసి ఒక మోచెయ్యి బతికుందని కనిపెట్టారు. శభాష్."

ఆ రోజు క్లైడ్ ఎదురు మాట్లాడలేదు. షెడ్డు చరిత్రలో ఇది మొదటిసారి అంటారు, షెడ్డు అక్కడ లేకపోయినా.

అప్పటికే టార్వాంగ వంటవాడు గొడవపడి వెళ్లిపోయాడు. షెడ్డు వంటవాళ్లంతా గొడవపడే వెళ్తారు. బార్ట్ ఆ గరిటె క్లైడ్ ముందు పెట్టాడు. అందరికంటే ముందు నిలబడ్డవాడు ఇప్పుడు అందరికీ టీ పోయాలి. క్లైడ్ ఒప్పుకున్నాడు. షెడ్డు కప్పు కింద ఉంటే చాలనుకున్నాడో, వాళ్ల కడుపులు పాడుచేసి పగ తీర్చుకోవాలనుకున్నాడో చెప్పలేం. వండినదాన్ని బట్టి చూస్తే రెండోదే.

"ఈ మటన్ చాప్స్ ఏ చెప్పుల కొట్టులో కొన్నావు?" అనేవాడు లెస్టర్.

"నీ నాలుక సైజు చెప్తే దానికీ కుట్టిస్తాను."

"టీలో ఏం వేశావు, తారా?"

"తారు గొర్రెలకి. నీకు అంత మర్యాద దేనికి?"

ఇలా తిట్టుకుంటూనే తిన్నారు. వాళ్ల కళ్లు పడకుండా క్లైడ్ వంటింట్లో వేరే పని చేస్తున్నాడు. పొద్దున రొట్టె పిండి పిసికేది ఎడమ చేత్తోనే. వంకర వేళ్లను బల్లకేసి అదిమి సాగదీసేవాడు. ఆ వేళ్లకి తగిలేదేమిటో తెలియదు కాబట్టి కత్తి దగ్గరా పొయ్యి దగ్గరా చూసి చూసి ముట్టుకునేవాడు. ఒకసారి పెనం అంచుకి చెయ్యి ఆనించి, కమురు వాసన వస్తే చాప్స్ మాడుతున్నాయని గరిటె తిప్పాడు. మాడింది తన వేలు. బొబ్బ చూసి, పెనాన్ని తలుపులోంచి బయటికి విసిరాడు. లోపలెక్కడో ఆ గుడ్డి పాదం తడుముకుంటూ నడుస్తోందని ఆమె చెప్పింది. నడుస్తోందో, మధ్యలో కూర్చుండిపోయిందో ఎవరు చూశారు? దాన్ని తిట్టడానికైనా కంటికి కనపడదు. తిట్టలేని శత్రువు క్లైడ్‌కి జీవితంలో అదొక్కటే.

వేసవి మొదలవుతుండగా ఒక మధ్యాహ్నం, పొయ్యిలోంచి బంగాళాదుంపల పళ్లెం తీస్తుంటే గుడ్డ జారింది. క్లైడ్ కేక పెట్టి పళ్లెం వదిలేశాడు. దుంపలన్నీ నేల మీద దొర్లాయి. ఉంగరం వేలు భగ్గుమంది. చూసుకుంటే ఉంగరం వేలి మీద ఏమీ లేదు. కాలింది చిటికెన వేలు. మంట ఉంగరం వేలిలో.

"కాలింది!" అని గావుకేక పెట్టాడు.

భోజనానికి కూర్చున్నవాళ్లు తలుపు దగ్గర మూగారు. "ఏమైంది?"

"కాలిందిరా!"

"అయితే నీళ్లలో పెట్టు. కేకలెందుకు?"

"మండుతోందిరా వెధవల్లారా! నాకు తెలుస్తోంది!" అంటూ క్లైడ్ ఆ పళ్లెం అంచును వేలి కొసతో ఇంకోసారి ముట్టుకున్నాడు. మళ్లీ కేక పెట్టాడు. ముఖం వెలిగిపోతోంది. అతని ముఖం అలా ఉండగా ఎవరూ చూడలేదు కాబట్టి అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

"మతి పోయింది," అన్నాడు లెస్టర్. "దుంపలు మాత్రం కడిగి పెట్టు. ఆకలేస్తోంది."

ఇలోనా అతని కళ్లు మూయించి చూసింది. చిటికెన వేలు తాకితే క్లైడ్ ఉంగరం వేలన్నాడు. "పోగుల కొసలు కొన్ని తమ పాత గొట్టం దొరక్క పక్క గొట్టంలో దూరాయి," అంది. "పెద్దిల్లు మాత్రం పాత చిరునామానే నమ్ముతోంది. ఇంక అది మారదు."

"అంటే పాడైనట్టేనా?"

"కబురు వస్తోంది. తప్పు పేరు మీద వస్తోంది. ఆ కబురు అసలు ఎవరిదో మీరు నేర్చుకోవాలి. చదువు లాంటిదే."

"చదువు నాకు పడదు."

"నాకు తెలిసిపోయింది," అంది ఇలోనా.

అయినా చదివాడు. పిండి సంచిలో రకరకాల ఉన్ని ముక్కలు, ఒక ముళ్లతీగ తుంట, పాత దువ్వెన పన్ను వేసుకుని, దుంపలు ఉడికేలోగా కళ్లు మూసుకుని ఎడమ చెయ్యి పెట్టి తడిమేవాడు. ఉంగరం వేలు గుచ్చుకుంటే చిటికెన వేలు వెనక్కి లాగాలి. పొద్దస్తమానం అదే పాఠం. ముడుచుకున్న వేళ్లు మెల్లగా నిక్కాయి. పూర్తిగా కాదు. బొటనవేలి పక్క గుంట కొంచెం పూడింది.

ఎండలు తగ్గుముఖం పట్టగానే టార్వాంగలో పెద్ద కోత మొదలైంది. ఒకటో స్టాండులో లెస్టర్. బార్ట్ క్లైడ్‌కి చిట్టచివరిది, తలుపు పక్కది చూపించాడు. ఎండ నేరుగా వీపు మీద పడే చోటు. ఎవడికీ వద్దు.

"పొద్దుటి గంట నుంచి టీ గంట దాకా. నెత్తురు చుక్క పడితే మళ్లీ వంటింట్లోకి కూడా రానివ్వను," అన్నాడు బార్ట్.

"ఆ వంట తిని బతికినందుకు నీకే బహుమానం ఇవ్వాలి," అన్నాడు క్లైడ్. చెమట అప్పుడే పట్టింది.

గంట మోగింది. లెస్టర్ మొదటి గొర్రె తోసేసి, రెండోదాన్ని ఈడ్చుకొస్తూ గొంతెత్తి అరిచాడు. "తారు!" ఏ గొర్రే తెగలేదు. నోరీన్ తలెత్తి చూసి, అర్థమై, డబ్బా కింద పెట్టేసింది. తర్వాత రెండో స్టాండువాడు అరిచాడు, "తారు!" తర్వాత షెడ్డంతా. క్లైడ్ మిషను తోలుకి ఆనినప్పుడల్లా ఒక కేక. తల తిప్పించాలని, ఆ చేతి మీదికి చూపు పోయేలా చెయ్యాలని. పోయినసారి చూస్తూ కోసినవాడు ఈసారీ చూస్తాడని వాళ్ల ధీమా.

క్లైడ్ చూడలేదు. ఎదురుగా రేకు గోడకున్న ఒక మేకు మీద కళ్లు పెట్టి, పిండి సంచిలో తడిమినట్టు తడుముతూ కోశాడు. మెల్లగా కోశాడు. నిజం చెప్పాలంటే, సిగ్గేసేంత మెల్లగా. పక్కవాళ్లు గొర్రె తర్వాత గొర్రె తోసేస్తుంటే అతను పొట్ట దాటి తొడ దగ్గరే ఉన్నాడు.

చివర్లో దొడ్డిలో ఒకటే మిగిలింది. ముసలి పొట్టేలు, మెడంతా దుప్పటి మడతపెట్టినట్టు ముడతలు. అందరూ దాన్ని అతనికే వదిలారు. క్లైడ్ మెడ దగ్గర ముడత లాగి మిషను పైకి తోస్తుండగా ఉంగరం వేలి కొస చురుక్కుమంది. పాత క్లైడ్ అయితే ఉంగరం వేలు లాగేవాడు. వంటింటి క్లైడ్ చిటికెన వేలు లాగాడు. దువ్వెన పళ్లు ఒక వెంట్రుక వాసిలో ఆ వేలు ఉన్న చోటు దాటుకుని పోయాయి. పొట్టేలు గురక పెట్టింది.

"తారు!" అన్నాడు లెస్టర్.

"నీ నోటికి పూసుకో," అన్నాడు క్లైడ్, మేకు మీద నుంచి కళ్లు తిప్పకుండా.

టీ గంట మోగింది. నోరీన్ ఆ ఉన్నిని వల విసిరినట్టు బల్ల మీద పరిచి, అంచులు పట్టుకుని, వెలుతురుకి ఎత్తి, తిరగేసి చూసింది. మరకలున్న గుట్టలో వెయ్యడానికి సాకు వెతికిందని అందరూ అనుకున్నారు. దొరకలేదు. మంచి ఉన్ని డబ్బాలోకి తోసేసింది. బార్ట్ తన టోపీ వెనక్కి జరుపుకుని, "రేపు కూడా ఇదే స్టాండు," అన్నాడు. చివరిది. ఎండలోది. షేక్‌హ్యాండు లేదు, శభాష్ లేదు. లెస్టర్ టీ కప్పు పట్టుకుని పక్కనుంచి పోతూ, "తలుపు దగ్గర గాలి బాగా తగులుద్ది. ముసలోళ్లకి మంచిది," అన్నాడు. కొత్త వంటవాడి టీ క్లైడ్ టీ కంటే అధ్వానంగా ఉంది. క్లైడ్ అది వాడికి చెప్పి మరీ తాగాడు.

ఈ కథ పబ్బు చేరేసరికి పొట్టేలు ఎద్దంత అయింది, చివరి స్టాండు ఒకటోది అయింది, లెస్టర్ ఏడుస్తూ పారిపోయాడు, నరం రాత్రికి రాత్రి మొలిచి వేలి కొసన పువ్వు పూసింది. మొన్న ఎవడో కొత్తవాడు ఇదంతా నోరు తెరుచుకుని విని, మూల బల్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న క్లైడ్‌నే అడిగాడు, నిజమేనా అని. క్లైడ్ గ్లాసు దించకుండా అన్నాడు:

"రాత్రికి రాత్రి కాదు. రోజుకి ఒక మిల్లీమీటరు. అదీ సరిగ్గా రాలేదు, చిటికెన వేలు గిల్లితే ఇప్పటికీ ఉంగరం వేలే నొప్పెడుద్ది. ఆ రోజు గెలిచింది లెస్టరే. నాకు చివరి స్టాండు ఇచ్చారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను."